మనుషుల్లేని అడ్డు

మా అన్నయ్య సర్వేశ్వరరావుకి ఆగమంటే కోపం. రైల్వే గేటు దగ్గర ఆగమన్నా కోపమే, పెళ్లిలో రెండో బంతి దాకా ఆగమన్నా కోపమే. పార్వతీపురం మార్కెట్ యార్డు ఎదురుగా ఎరువుల దుకాణం ఆయనది. రోజంతా కుర్చీలో కూలబడి ఉండే మనిషి సైకిలెక్కాడంటే మాత్రం వెనక ఎవరు మిగిలారో పట్టదు. కాదు, ఆ మాట తప్పు. పడుతుంది, మితిమీరి పడుతుంది. అందరికంటే ముందు పోయి దారిలో రాళ్లుంటే ఏరి పక్కన పడేసి, మలుపు దగ్గర సుద్దముక్కతో బాణం గీసి, ఆ తర్వాత ఎక్కడో చెట్టు కింద కూర్చుని మనకోసం ఎదురుచూస్తాడు. వెనకుండి కాపలా కాయడం ఆయనకు రాదు. ఆ పని నాది.

నేను హైస్కూల్లో పీఈటీని. ఏళ్ల తరబడి పిల్లల్ని ఎండలో పరిగెత్తించిన దాన్ని కాబట్టి నోరు పెద్దది, మెడలో ఈల ఎప్పుడూ ఉంటుంది. బడి లేని రోజున కూడా ఆ ఈల తియ్యవేమే హేమా అని మా వదిన వేళాకోళం చేస్తుంది. తీస్తే మెడ బోసిగా ఉంటుందని చెప్తాను.

ఈ చైత్రంలో ముగ్గురం సైకిళ్ల మీద బయల్దేరాం. భీమిలిలో సముద్రపు నీళ్లకు చక్రాలు తాకించి, తీరం వెంట కొంత దూరం పోయి, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు. అక్కణ్ణుంచి పాడేరు, చింతపల్లి, సీలేరు, చివరికి డొంకరాయి డ్యాం. మూడో మనిషి అన్నయ్య కూతురు సౌందర్య. నిరుడు పచ్చకామెర్లు వచ్చి ఆ పిల్ల సగమైపోయింది. కాలేజీ ఏడాది పోయింది, తిండి పోయింది, నవ్వు కూడా పోయింది. కొండగాలి తగిలితే మళ్లీ మనిషవుతుందని అన్నయ్య పట్టుబట్టాడు. వదిన ససేమిరా అని, చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"హేమా, మీ అన్నయ్యని నేను నమ్మను. గుంటని నీకప్పజెప్తన్నాను. ఎలా తీసుకెళ్తన్నావో అలా తెచ్చి నా చేతిలో పెట్టు."

"పెడతాను వదినా," అన్నాను. అంతకంటే గట్టిగా ఏ మాటా ఎవరికీ ఇవ్వలేదు నేను.

మా ప్రయాణానికి ఒకే ఒక్క నియమం. అది అన్నయ్య పెట్టిందే. ఒకసారి బొబ్బిలి రోడ్డులో మాతో వచ్చినాయన గోతిలో పడి కాలు విరగ్గొట్టుకుంటే, ముందున్న వాళ్లెవరికీ తెలియక చాలా దూరం పోయారు. అప్పటి నుంచి ఈల నియమం వచ్చింది. చివరి సైకిలు నుంచి ఈల వినబడిందా, ముందున్న వాళ్లు ఎంత దూరంలో ఉన్నా వెనక్కి తిరిగి రావాల్సిందే. ఎందుకు, ఏమిటి అని నిలబడి ఆలోచించకూడదు. భీమిలి ఒడ్డున మళ్లీ ఆ నియమం మా ఇద్దరి చేతా అప్పజెప్పించుకున్నాడు, తరగతిలో ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు.

ఇంకో పిచ్చి కూడా ఉంది ఆయనకి. మాకు బ్యాటరీ లైట్లు కొనిచ్చి, తను మాత్రం పాత డైనమో వదల్లేదు. చక్రం తిరిగినంతసేపే వెలుగు, చక్రం ఆగితే చీకటి. "నా కష్టంతో వచ్చిన వెలుగే నాకు చాలు" అంటాడు. దుకాణంలో కూర్చుని డబ్బు చేసుకునే మనిషి ఆ మాటంటే నాకు నవ్వొచ్చేది.

అరకు దాకా బాగానే గడిచింది. అనంతగిరి ఎక్కుతుంటే కాఫీ పూలు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి, గాలంతా వాటి వాసనే. సౌందర్య సైకిలు దిగి నడిచిన చోట నేనూ దిగి నడిచాను. అరకు చేరిన రోజు సంత. ఆ పిల్ల నాలుగు నెలల్లో మొదటిసారి అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంది. అన్నయ్య నావైపు చూసి కళ్లెగరేశాడు, చూశావా అన్నట్టు.

ఆ సంతలోనే ఒక సంగతి నా కంట పడింది. అల్లం, చింతపండు, ఎండుచేపల వరసలు దాటాక ఇనప సామాను కొట్టు. దాని ముందు మగాళ్లు గుంపుగా ఉన్నారు. ఎవరూ బేరమాడడం లేదు, మాట్లాడుకోవడం కూడా లేదు. తీగ చుట్టలు తీసుకుని భుజాన వేసుకుని, తల దించుకుని వెళ్లిపోతున్నారు.

"అంత తీగ ఏటి సేసుకుంటారన్నయ్యా?"

"బట్టలారేసుకోడానికేమోలే. నీకెందుకే?" అని అన్నయ్య పనసకాయ బజ్జీల కోసం పోయాడు.

ఏజెన్సీలో చైత్రమంటే ఇటుకల పండగ. మగాళ్లు విల్లంబులు, నాటు తుపాకులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఆడవాళ్లు రోడ్డు మీద గెడ అడ్డంపెట్టి వచ్చేపోయే బళ్లని ఆపుతారు. పాట పాడతారు, నిన్ను కూడా ఆడమంటారు, పండగ ఖర్చుకి ఏదో ఒకటి చేతిలో పెడితే గెడ ఎత్తుతారు. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగాడికి మాత్రం ఊరి మొదట్లోనే పేడనీళ్ల స్నానం. ఆడవాళ్లే పోస్తారు, ఊరంతా నవ్వుతుంది. ఇదంతా నాకు ముందే తెలుసు. పాడేరు వైపు బదిలీ మీద పోయి వచ్చిన టీచర్లు ఈ కబుర్లు నవ్వుతూ చెప్పేవారు.

అరకు దాటాక మొదటి అడ్డు దగ్గర అన్నయ్య బుద్ధిగా ఆగాడు, రెండో అడ్డు దగ్గర గొణిగాడు. పాడేరు దాటిన మర్నాడు మూడో అడ్డు ఎదురైంది.

అయితే దానికి ముందే ఆ దారి నాకు నచ్చలేదు. పొద్దుటి నుంచి అడవిలో ఒక్క కోతి కనబడలేదు. పిట్టల కూత లేదు. పోడు సాగు కోసం తగలబెట్టిన కొండవాలు నల్లగా పొగలు కక్కుతోంది. ఎండ కూడా ఆ పొగలోంచి పచ్చగా, జబ్బు మనిషి కళ్లలా ఉంది. ఒక మలుపులో వేటగాళ్లు ఎదురయ్యారు. పదిమందికి పైనే ఉంటారు, ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. భుజాల మీద విల్లులున్నాయి, కావిడి బద్దలున్నాయి. బద్దలకి ఏమీ వేలాడడం లేదు. అన్నయ్య చెయ్యి ఊపి, "ఏటి, పడిందా పంది?" అని అరిచాడు. ఒక్కడూ తలెత్తలేదు. వాళ్లు దాటిపోయాక సౌందర్య నా పక్కకి వచ్చి తొక్కడం మొదలుపెట్టింది.

"అత్తా, వాళ్లకి కోపమొచ్చిందా?"

"అలిసిపోయారే," అన్నాను. నాకు మాత్రం అలసటలా అనిపించలేదు.

మూడో అడ్డు ఒక ఊరి మొదట్లో ఉంది. ఆ ఊరి పేరు ఇక్కడ చెప్పను. ఆడవాళ్లు, ఆడపిల్లలు కలిసి పొడుగాటి గెడ రోడ్డుకి అడ్డంగా పట్టుకుని ఉన్నారు. పక్కనే బిందెల్లో పేడనీళ్లు సిద్ధంగా ఉన్నాయి. మమ్మల్ని చూడగానే పాట ఎత్తుకున్నారు. అన్నయ్య ముందున్నాడు కదా, ఆగుతున్నట్టే ఆగి, చటుక్కున సైకిలెత్తి రోడ్డు పక్క కాలవలోకి దిగి, గెడ చివర్నుంచి చుట్టుతిరిగి అవతల తేలాడు. ఆయన వయసుకి అది గొప్పే. ఆడవాళ్లు కేకలు వేశారు. ఒకామె చెంబుతో పేడనీళ్లు తీసి వీపున కొట్టింది. అన్నయ్య విరగబడి నవ్వుతూ, "హేమా, మీరు ఆడి పాడి రండి! నేను పోయి రాత్రికి దిగే గెస్ట్ హౌసులో వంట చెప్పి ఉంచుతాను. బేగి వచ్చీయండి!" అని మలుపు తిరిగిపోయాడు. ఆకుపచ్చ చొక్కా మీద ఆ పేడ మరక మలుపు దాకా కనబడింది.

నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్ల ముందు ఆ కోతివేషాలేమిటని. నేను సైకిలు దిగి, వాళ్ల చేతుల్లో చేతులు కలిపి రెండు వరసలు ఆడాను కూడా. సౌందర్య సిగ్గుపడుతూనే కలిసింది. తీరా బయల్దేరబోతే దాని వెనక చక్రం కూర్చుండిపోయింది. ముల్లు దిగింది.

చెట్టు నీడన టైరు విప్పాను. పేడనీళ్లు కొట్టినామె ఒక సత్తు బేసిన్లో మంచినీళ్లు తెచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. ముప్పై దాటి ఉంటాయి, పేరు కనక అని చెప్పింది. నేను ట్యూబుకి గాలి కొట్టి నీళ్లలో ముంచుతుంటే, బుడగలు వచ్చిన చోట తనే వేలు పెట్టి పట్టుకుంది. నన్ను నువ్వు అనే పిలిచింది; ఏజెన్సీలో కలెక్టరైనా నువ్వే, కూలివాడైనా నువ్వే. ఆ పిలుపులో నాకు మర్యాద తక్కువ ఎప్పుడూ కనబడలేదు.

"ఆయన నీకేటవుతాడు?"

"మా అన్నయ్య. ఈ పిల్లకి తండ్రి."

"ఆగలేదు," అంది కనక.

"ఎక్కడా ఆగడు. ఏమీ అనుకోకు."

సొల్యూషను ఆరేదాకా పనేమీ లేదు. సౌందర్య కాస్త దూరంలో ఒక ముసలమ్మ ఇచ్చిన చోడి అంబలి తాగుతోంది. కనక ఆ పిల్ల వైపే చూస్తూ ఉంది.

"బక్కగా ఉంది."

"జబ్బు పడి లేచింది."

కనక నాకు దగ్గరగా జరిగింది. తర్వాత గొంతు తగ్గించింది. "మూడు దినాలైపోయింది మొగోళ్లు అడవికి పోయి. ఏటీ పడలేదు. అడవిలో ఉంటే కదా పడ్డానికి. నిరుడూ అంతే. నిరుడు మా ఆయన సుక్రు మీద నేనే పోసినాను పేడనీళ్లు. నవ్వుకుంటానే పోసినాను, మా అమ్మ మా అయ్య మీద పోసినట్టే. మా అయ్య నవ్వేవాడు. సుక్రు నవ్వలేదు. వరస మరదళ్లందరి ముందరా అలాగే నిలబడిపోయినాడు. పండగ అయిపోయినాక కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు."

"మగాళ్ల రోషం," అన్నాను తేలిగ్గా.

"ఈ ఏడు తీగ కొన్నాడు."

నా చేతిలో అతుకు ముక్క అలాగే ఉండిపోయింది. సంతలో చూసిన మగాళ్లు గుర్తొచ్చారు.

"పగలు నేల మీద పడేసి ఉంటాది," కనక చెప్తూ పోయింది. "పొద్దుగూకితే మేకులకి ఎక్కించి, పైన పోయే కరెంటు లైనుకి తగిలిస్తాడు. జానెడెత్తు. పంది వస్తే పడిపోవాల. పడితే ఊర్లో బల్బులు ఒక్కసారి కునుకుతాయి. అప్పుడు డప్పు కొడతారు. వేట పడిందని, అందరూ రమ్మని."

"నీకు బుద్ధుందా? మనిషి పడితే?" నా గొంతు లేచింది. గెడ పట్టుకున్న వాళ్లు ఇటు తిరిగారు.

"మెల్లగా మాట్లాడు. నేను చెప్పలేదనుకున్నావా? చెప్పినాను. ఈ ఏడు కూడా నన్ను నవ్వులపాలు చేస్తావా అన్నాడు." కనక కళ్లలో నీళ్లు లేవు గాని మొహం అంతా ముడుచుకుపోయింది. "దారి మొదట్లో పచ్చికొమ్మలు అడ్డంగా వేస్తాడు. మా వాళ్లందరికీ తెలుసు. నువ్వు ఆగినావు, ఆడినావు, అందుకే నీకు చెప్తున్నాను. మనుషులున్న అడ్డు ఆట. మనుషుల్లేని అడ్డు ఆట కాదు. కొమ్మ కనబడితే వెనక్కి తిరిగిపో. గుంటని చూసుకో."

"ఎక్కడ కట్టాడు?"

కనక తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత ఎంత అడిగినా ఇంకో మాట రాలేదు. మొగుణ్ని పోలీసులకి పట్టిస్తానేమోనని భయం. నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది.

వెంటనే అన్నయ్యకి ఫోను చేశాను. టవరు లేదు. నాలుగడుగులు పైకెక్కి మళ్లీ చేశాను. లేదు. సరే, తారురోడ్డు మీద పోయే వాడికి ఏమవుతుంది అనుకున్నాను. పొద్దున బయల్దేరేటప్పుడే అనుకున్నాం, తారురోడ్డు వదలకూడదని. ఆయన ఎండ ఉండగానే గెస్ట్ హౌసు చేరిపోతాడు. మేమూ తారురోడ్డే పట్టుకుని, ఎక్కడా దిగకుండా పోతే చాలు. అలా నాకు నేను చెప్పుకుని టైరు ఎక్కించాను. బయల్దేరేటప్పుడు సౌందర్యకి సంగతంతా చెప్పలేదు. ఆ పిల్ల అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది, బెదరగొట్టడానికి నాకు నోరు రాలేదు. "దారిలో కొమ్మలు అడ్డంగా కనబడితే దాటకు, నన్ను పిలువు" అని మాత్రం అన్నాను. సరే అంది.

ఆ మధ్యాహ్నం ఘాట్ రోడ్డు ఎంతకీ తరగలేదు. ఒక వంక తిరిగితే ఇంకో వంక. ఎక్కుతున్న కొద్దీ సౌందర్య వెనకబడింది, చివరికి సైకిలు నెట్టుకుంటూ నడిచింది. దాని ఊపిరి నాకు వినబడుతోంది. అలా ఒక లోయ చుట్టూ తిరిగి తిరిగి, పొద్దు కొండ వెనక్కి జారే వేళకి, మళ్లీ ఆ ఊరికే ఎదురుగా వచ్చాం. మధ్యలో లోయ. అవతలి వాలు మీద కనక వాళ్ల ఊరు, పెంకుటిళ్లు, అప్పుడే ఒకటీ రెండూ బల్బులు వెలుగుతున్నాయి. ఇంత తొక్కీ ఆ ఊరి కంటపడే ఉన్నామని నాకు చిరాకేసింది.

అక్కణ్ణుంచి రోడ్డు పల్లం. సౌందర్య మొహం వెలిగింది. "అత్తా, నేను ముందు పోతా!" అని వదిలేసింది. జబ్బు తర్వాత ఆ పిల్ల అలా వదిలెయ్యడం అదే మొదలు. నేను కూడా దిగుతున్నాను గాని నా సైకిలు బ్రేకు మెల్లగా పట్టుకునే రకం, ఆచితూచి దిగుతూ ఒక మలుపు వెనకబడ్డాను.

మలుపు తిరిగేసరికి రోడ్డు ఖాళీగా ఉంది.

తారురోడ్డు ఎడమకి మళ్లీ ఎగువకి పోతోంది. కుడి పక్క కాఫీ తోటలోకి ఒక మట్టిదారి దిగుతోంది. రెండూ కలిసే చోట తారు మీద తెల్లటి సుద్దబాణం. అన్నయ్య బాణమే. చివర ఆ కొక్కెం ఆయన తప్ప ఎవరూ పెట్టరు. అది మట్టిదారి వైపు చూపిస్తోంది. బాణం పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉంది. "ఎక్కే పని లేదు, సౌందూ. ఇటు దగ్గర."

కూతురు ఎక్కలేదని దగ్గరి దారి వెతికాడన్నమాట. నాకు మొదట ఆయన మీద ప్రేమే కలిగింది. నిజం. ఆ తర్వాతే దారి పక్కన చూశాను.

గట్టు మీద పచ్చికొమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. ఆకులు ఇంకా పూర్తిగా వాడలేదు. కత్తితో నరికిన మొదళ్లు తెల్లగా ఉన్నాయి. దారికి అడ్డంగా వాటిని ఈడ్చిన గీతలు మట్టిలో కనబడుతున్నాయి. వెనక వచ్చే కూతురు సైకిలు దిగి ఇబ్బంది పడకూడదని, ఒక్కొక్కటే ఏరి, నీటుగా పక్కన పేర్చి పోయాడు మా అన్నయ్య. అడ్డు దగ్గర ఆడవాళ్లు తిండికి వెళ్లారనుకుని ఉంటాడు. ఇదీ పండగ ఆటే అనుకుని ఉంటాడు. ఆగి, ఆడి, అంబలి తాగి ఉంటే ఆయనకీ చెప్పేది కనక.

ఆ కుప్ప పక్క నుంచి సన్నటి సైకిలు చాలు కిందికి పోయింది. ఒకటి కాదు, రెండు. రెండోది కొత్తది.

కింద, కాఫీ తోట చీకట్లో, సౌందర్య వెనక లైటు ఎర్రగా దూరమవుతోంది. అడ్డంగా కొమ్మలుంటే దాటవద్దన్నాను. అడ్డంగా కొమ్మలెక్కడున్నాయి?

"సౌందూ!" అరిచాను. గాలికి ఆ అరుపు నాకే వినబడలేదు. అది దిగుతూనే ఉంది.

ఈల తీసి నోట్లో పెట్టుకున్నాను. ఊపిరితిత్తుల్లో ఉన్న గాలంతా పెట్టి ఊదాను. ఆపకుండా ఊదాను. లోయ మొత్తం మోగింది. ఎర్ర లైటు ఊగింది, ఆగింది. నేను ఇంకా ఊదుతూనే ఉన్నాను. ఆ లైటు పక్కకి తిరిగి తెల్లగా మారింది. సౌందర్య వెనక్కి వస్తోంది. గొణుక్కుంటూ, సైకిలు నెట్టుకుంటూ, ఒక్కొక్క అడుగే పైకి వస్తోంది. అది గట్టెక్కి నా పక్కకి వచ్చేదాకా ఈల ఆపలేదు నేను. వచ్చాక దాన్ని రెండు చేతులా పట్టేసుకున్నాను. సైకిలు కింద పడింది.

"ఏటత్తా! ఏటైంది? సైకిలు..."

"ఏం లేదు. ఏం లేదు తల్లీ. వచ్చేశావు కదా." నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. వదిన మొహం కళ్ల ముందు మెదిలింది. నా మాట నిలబడిందనుకున్నాను.

అప్పుడు కింద నుంచి గొంతు వినబడింది. చాలా దూరం. లోయ అడుగున పారే గెడ్డకి అవతల.

"వస్తన్నాను! వస్తన్నానే!"

సౌందర్య మొహం తిప్పింది. "నాన్న!"

లోయ అడుగున, చెట్ల సందుల్లో, పసుపుపచ్చ వెలుగు ఒకటి పుట్టింది. మిణుకుమిణుకుమంటూ, తొక్కుడుతో పాటు పెరుగుతూ తగ్గుతూ. డైనమో లైటు. గెస్ట్ హౌసుకి పోలేదు ఆయన. కూతురు దగ్గరి దారి పట్టుకుందో లేదో చూద్దామని గెడ్డ అవతల కూర్చుని ఉన్నాడు. ఎండ ఉండగా దాటిపోయాడు, అప్పటికి తీగ నేల మీద ఉంది. ఆ తర్వాత సుక్రు ఊరి వైపు నుంచి వేరే కాలిబాటన వచ్చి తీగ ఎక్కించి, లైనుకి తగిలించి, వచ్చిన దారినే పోయి ఉంటాడు. రోడ్డు వైపు తన కొమ్మలున్నాయన్నది అతని ధైర్యం.

ఈల వినబడితే వెనక్కి తిరిగి రావాల్సిందే. ఆలోచించకూడదు. ఆయన పెట్టిన నియమమే అది, ఆయన తప్పడు.

"రావద్దు!" అని అరిచాను. "అన్నయ్యా, ఆగు! అక్కడే ఆగు!"

"ఎందుకత్తా?"

"తీగుంది. కరెంటు తీగుంది దార్లో. అరువు! అరువే!"

ఇద్దరం అరిచాం. గొంతులు చిరిగిపోయేలా అరిచాం. పొగ వాసనతో గాలి మా మొహాల మీదికే కొడుతోంది, లోయ వైపు నుంచి. ఆయన గొంతు మాకు వినబడుతోంది, మా గొంతు ఆయనకి చేరడం లేదు. సౌందర్య కిందికి పరిగెత్తబోయింది. జడ పట్టుకుని వెనక్కి లాగాను. నన్ను కొట్టింది, గోళ్లతో రక్కింది. వదల్లేదు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో నా బ్యాటరీ లైటు పీకి అటూ ఇటూ ఊపాను. దాన్ని చూసి ఆయన ఇంకా కంగారు పడి ఉంటాడు. పసుపు వెలుగు మరింత గట్టిగా వెలిగింది, అంటే ఇంకా బలంగా తొక్కుతున్నాడు. గెడ్డ దాటింది. ఎక్కుడు మొదలైంది. మా అన్నయ్య జీవితంలో ఒక్కసారి, ఒక్కసారి ఆగితే చాలని, మా ఊళ్లో ఉన్న దేవతలందరికీ మొక్కాను.

"భయపడకండే! వచ్చేస్తన్నా!"

ఈసారి గొంతు దగ్గరగా వినబడింది. ఆ గొంతులో ఆయాసం కూడా తెలుస్తోంది.

నేను లైటు ఊపుతూ తలెత్తాను. అవతలి కొండ మీద ఊరు కనబడుతోంది. అప్పటికి అన్ని ఇళ్లలోనూ బల్బులు వెలిగాయి. నేను చూస్తుండగానే అవన్నీ ఒక్కసారి కుంగి, ఎర్రబడి, మళ్లీ మామూలుగా వెలిగాయి.

కింద పసుపు వెలుగు లేదు.

సౌందర్య ఊరి వైపు చూడలేదు. తండ్రి లైటు వైపే చూస్తోంది. నన్ను రక్కడం ఆపేసింది. ఒళ్లంతా వదులైంది. నా భుజం మీద మొహం పెట్టి, ఏడుస్తూ నవ్వింది.

"ఆగారత్తా! నాన్న ఆగారు. చూశావా, లైటు ఆరిపోయింది. మన మాట వినబడింది."

దాని వీపు నిమురుతూ ఉండిపోయాను. కిందికి చెవి పెట్టి విన్నాను. గెడ్డ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నాన్నా! అక్కడే ఉండండి! మేం చుట్టూ తిరిగి వస్తాం!" సౌందర్య అరిచింది. గాలి కాస్త తగ్గింది. ఇప్పుడైతే వినబడేదే.

"పలకడేం అత్తా?"

అవతలి ఊళ్లో ఎవరో ఆనందంగా కేక వేశారు. దాని వెంట ఇంకో కేక. ఆ తర్వాత డప్పు మొదలైంది.